గ్రామ్ స్టెయినింగ్‌కు కూర్చునే ముందు చూసుకోవాల్సినవి

బ్యాక్టీరియాను రంగుతో రెండు రకాలుగా విడదీసే గ్రామ్ స్టెయిన్‌కు కావలసినవి నాలుగు సీసాలే: క్రిస్టల్ వయొలెట్, అయొడిన్, ఆల్కహాల్, సాఫ్రనిన్. ఈ వరుస అందరికీ నోటికి వచ్చు. స్లైడు చెడేది మాత్రం ఎక్కువగా మూడో సీసా దగ్గరే. చెడిన స్లైడు కూడా మైక్రోస్కోపు కింద చక్కగానే కనిపిస్తుంది, అదే అసలు ప్రమాదం. అందుకే అదే స్లైడు మీద ఒక చివర స్టాఫిలోకాకస్ ఆరియస్ (గ్రామ్ పాజిటివ్, అంటే ఊదారంగును పట్టి ఉంచే రకం), ఇంకో చివర ఈ. కోలై (గ్రామ్ నెగటివ్, అంటే ఆ రంగును వదిలేసే రకం) పూత పెట్టి, మీ నమూనాను మధ్యలో ఉంచండి. మొదటిది ఊదాగా, రెండోది గులాబీగా రాకపోతే మధ్యలోని రంగును నమ్మకండి.

కల్చర్ (పెంచిన బ్యాక్టీరియా) వయసు 18 నుంచి 24 గంటలు ఉంటే మేలు. పాతబడితే కణాల గోడలు దెబ్బతిని, గ్రామ్ పాజిటివ్‌వి కూడా గులాబీగా కనిపిస్తాయి.

లూప్‌ను (కొనలో చుట్టు ఉన్న తీగను) మంటలో ఎర్రగా కాల్చి, చల్లారాకే కాలనీని (కల్చర్‌లో కనిపించే బ్యాక్టీరియా గుంపును) తాకండి. వేడి లూప్ తగిలితే చుయ్‌మని చిట్లి, సూక్ష్మజీవులు గాలిలోకి లేస్తాయి. చిన్న నీటిబొట్టులో సూదిమొన అంత కాలనీ చాలు. ఆరిన పూత కింద అచ్చు కాగితం పెడితే అక్షరాలు చదవగలగాలి. అంతకన్నా చిక్కగా ఉంటే ఊదారంగు సరిగా వదలదు.

పూత గాలికి పూర్తిగా ఆరాకే మంట మీదుగా రెండు మూడుసార్లు తీయండి. తడి ఉండగా వేడి చేస్తే కణాలు ఉడికి ఆకారం చెడుతుంది. స్లైడు వెనకవైపు ముంజేతి వెనక తాకిస్తే గోరువెచ్చగా తెలియాలి, చుర్రుమనకూడదు. ఇక బర్నర్ ఆపేయండి, తర్వాత వచ్చేది ఆల్కహాల్.

క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, నీటితో మెల్లగా కడిగి అయొడిన్ ఒక నిమిషం. స్లైడును ఏటవాలుగా పట్టుకుని 95 శాతం ఆల్కహాల్ చుక్కలుగా వేయండి. కిందికి జారే ద్రవంలో ఊదా చారలు సన్నబడి, చివరి చుక్క రంగులేకుండా జారిన క్షణంలోనే నీళ్లు పోయండి. మామూలుగా ఇది 10 నుంచి 15 సెకన్లు. అసిటోన్ కలిపిన ద్రావణమైతే ఇంకా త్వరగా అయిపోతుంది. గ్రామ్ పాజిటివ్ కణాల మందపు గోడలో ఆల్కహాల్ నీటిని లాగేయడంతో రంగు-అయొడిన్ సముదాయం లోపలే చిక్కుకుంటుంది. ఎక్కువసేపు ఉంచితే అదీ బయటికి వచ్చేస్తుంది. చివరగా సాఫ్రనిన్ ఒక నిమిషం.

క్షయ క్రిములను చూపే జీల్-నీల్సన్ పద్ధతికి జాగ్రత్త ఇంకా పెంచాలి. కార్బాల్ ఫుక్సిన్ అనే ఎర్ర రంగును ఆవిరి లేచేదాకానే వేడి చేసి, మరగనివ్వకుండా అయిదు నిమిషాలు ఉంచాలి. రంగు ఇంకితే మళ్లీ పోయాలి. అందులోని ఫినాల్ చర్మాన్ని కాలుస్తుంది, గ్లౌజులు తప్పనిసరి. క్షయ అనుమానమున్న కఫం పూతను గాలిని వడగట్టే సేఫ్టీ క్యాబినెట్‌లోనే వేయండి. మంట మీద తీసినంత మాత్రాన క్రిములన్నీ చచ్చాయనుకోకండి. ఈ పద్ధతిలో రంగు వదిలించే సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పలుచన చేసేటప్పుడు నీటిలో ఆమ్లాన్ని మెల్లగా పోయాలి, ఆమ్లంలో నీటిని ఎన్నడూ పోయకూడదు. కణం చుట్టూ ఉండే కవచం చూసే ఇండియా ఇంక్ స్లైడుకు వేడి చూపకండి, కవచం ముడుచుకుపోతుంది.

లెన్సుల విషయానికొస్తే, ముందు 10ఎక్స్‌తో ఫోకస్ తెచ్చుకోండి. లెన్సును పక్కకు తిప్పి, ఒక్క చుక్క ఆయిల్ వేసి 100ఎక్స్ తీసుకురండి. ఆయిల్ వక్రీభవన గుణకం 1.515 దరిదాపుల్లో, అంటే గాజుతో సమానంగా ఉండబట్టే కాంతి పక్కకు చెదరకుండా లెన్సులోకి వెళ్తుంది. ఆ లెన్సుకు, స్లైడుకు మధ్య ఎడం 0.2 మిల్లీమీటర్ల లోపే కాబట్టి ఇక ఫైన్ స్క్రూ తప్ప మరొకటి తిప్పకండి. కండెన్సర్ (స్లైడు కింద కాంతిని కేంద్రీకరించే లెన్సు) పైకి, డయాఫ్రం (కాంతిని తగ్గించే, పెంచే రంధ్రం) బాగా తెరిచి ఉంచండి. ఆయిల్ ఉన్న స్లైడు మీదికి 40ఎక్స్ తిప్పకూడదు; అది పొడి లెన్సు, ఆయిల్ అంటితే బొమ్మ మసకబారుతుంది. పని కాగానే లెన్స్ పేపర్‌తో తుడవండి. జైలీన్ అనే ద్రావకం పదేపదే వాడితే లెన్సును పట్టి ఉంచే జిగురు కరుగుతుంది.

ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపులో మెర్క్యురీ దీపం ఉంటే, ఆర్పాక పూర్తిగా చల్లారే దాకా మళ్లీ వెలిగించకండి. అతినీలలోహిత కాంతిని ఆపే షీల్డ్ లేకుండా కళ్లు పెట్టకండి.