జిమ్ లేకుండా హాస్టల్లో ఒళ్లు వంచాలంటే

ఉస్మానియాలో పీహెచ్‌డీ చేస్తూ హాస్టల్లో ఉంటున్నాను. జూనియర్లు అడిగేది ఒకటే: "అన్నా, ఏ జిమ్‌లో చేరమంటావ్?" ఏ జిమ్మూ వద్దు. ఏడాది ఫీజు ఒకేసారి కట్టి, వారం తిరక్కుండానే మానేసినవాళ్లు మా ఫ్లోర్‌లోనే బోలెడు మంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలి. అంటే రోజుకు 22 నిమిషాలు. నడుస్తూ పక్కవాడితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదీ వేగం. కాబట్టి లైబ్రరీకి వెళ్లేటప్పుడు బండి మీద లిఫ్ట్ అడక్కండి. మెస్‌లో అన్నం, సాంబారు దట్టించి నేరుగా మంచమెక్కకుండా, పదిహేను నిమిషాలు అటూ ఇటూ తిరగండి. కండరాలు రక్తంలోని గ్లూకోజ్‌ను వాడేసుకుంటాయి, తిన్నాక చక్కెర ఒక్కసారిగా పెరగదు. మధ్యాహ్నం రెండింటి క్లాసులో నాకు కునుకుపాట్లు తగ్గింది కూడా దీనివల్లే.

నడక ఒక్కటే సరిపోదు. వారానికి రెండు రోజులు బస్కీలు (స్క్వాట్లు), దండీలు (పుషప్‌లు) తీయాలి. కొత్తవాళ్లు నేల మీద దండీలకు దిగితే మర్నాడు చేతులు లేవవు. మొదట గోడకు చేతులు ఆనించి చేయండి. అది తేలికయ్యాక ఇనప మంచాన్ని గోడకు నెట్టి, దాని అంచు పట్టుకుని చేయండి. మంచం జరిగిందా, మూతి పగులుతుంది. తల నుంచి మడమ దాకా ఒళ్లు తిన్నగా ఉండాలి, నడుము కిందికి జారకూడదు. బస్కీల్లో మడమలు నేలను వదలకూడదు. పది తీసినా ఆయాసం రావట్లేదంటే గ్రూప్స్ పుస్తకాలు బ్యాగులో నింపి భుజాన వేసుకోండి. వాటి బరువు ఇలాగైనా పనికొస్తుంది!

పరీక్షలు రాగానే అందరూ ముందు మానేసేది కసరత్తునే. నన్నడిగితే టెన్షన్‌కీ, పట్టని నిద్రకీ అప్పుడే ఇది ఎక్కువ అవసరం. తగ్గించండి, మానకండి. పడుకోబోయే గంట ముందు మాత్రం గట్టి కసరత్తు వద్దు.

జ్వరముంటే విశ్రాంతే. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రెండంతస్తులు ఎక్కితేనే ఆయాసపడే అమ్మాయిలు అది బద్ధకమని సరిపెట్టుకోవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకుని, బస్కీల సంగతి తర్వాత చూడండి.