ఇంటర్వ్యూలో ఒక్కరికీ అన్యాయం జరగకూడదంటే

మనిషిని చూడగానే తెలిసిపోతుంది అంటుంటారు చాలామంది మేనేజర్లు. దయచేసి ఆ నమ్మకం పెట్టుకోకండి. థార్న్‌డైక్ అనే మనస్తత్వవేత్త 1920లోనే, సైన్యంలో పై అధికారులు కిందివాళ్ళకు వేసిన మార్కులు పరిశీలించి, ఒక గుణం నచ్చితే దానితో సంబంధం లేని గుణాలకూ మంచి మార్కులు పడిపోతున్నాయని చూపించాడు. దీన్నే హేలో ఎఫెక్ట్ అంటారు. చక్కగా మాట్లాడితే చాలు, పని కూడా చక్కగా చేస్తారని మనం అనేసుకుంటాం.

అందుకే ముందు ప్రశ్నల జోలికి పోకుండా, ఇప్పుడు ఆ పనిలో ఉన్నవాళ్ళ దగ్గర కూర్చోండి. ఎక్కడ ఇబ్బంది పడతారు, బాగా చేసేవాళ్ళు ఏం వేరుగా చేస్తారు అని అడిగి, నాలుగైదు విషయాలు రాసుకోండి. "చురుకైనవాళ్ళు కావాలి" అని రాస్తే ఉపయోగం లేదు, "కోపంగా ఉన్న కస్టమర్ చెప్పేది చివరిదాకా వినాలి" అని రాస్తే పనికొస్తుంది.

ఇక ప్రశ్నలు. "టీంలో గొడవైతే ఏం చేస్తారు?" అంటే ఎవరైనా "కూర్చుని మాట్లాడతాను" అనే అంటారు. బదులుగా "ఈమధ్య తోటివాళ్ళతో మాటామాటా వచ్చిన ఒక సందర్భం చెప్పండి" అనండి. "మేము సర్దుకున్నాం" అంటే ఆగిపోకుండా, అందులో మీరు చేసిందేమిటి, తర్వాత ఏమైంది అని కూడా అడగండి. ఫ్రెషర్లకైతే అలాంటి అనుభవం ఉండకపోవచ్చు కాబట్టి, ఆ ఉద్యోగంలో నిజంగా ఎదురయ్యే ఒక పరిస్థితి చెప్పి ఏం చేస్తారో అడగండి. అభ్యర్థులందరికీ అవే ప్రశ్నలు, అదే వరుసలో.

ఏ జవాబుకు 1, దేనికి 3, దేనికి 5 అన్నది ముందే రాసిపెట్టుకోవాలి. ప్యానెల్‌లో ప్రతి ఒక్కరూ ఎవరి మార్కులు వాళ్ళు వేసుకున్నాకే మాట్లాడుకోవాలి. పెద్దాయన ముందుగా "నాకు నచ్చాడు" అనేస్తే పక్కవాళ్ళ పెన్ను అటే వెళ్తుంది, ఇది నేను కళ్ళారా చూశాను, తక్కువగా మాట్లాడే మంచి పనిమంతులు అలాగే చేజారిపోతారు.

మరీ బిగుసుకుపోయినట్టుంటుందని కొందరు ఒప్పుకోరు. కానీ 2022లో సాకెట్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు పాత అధ్యయనాల లెక్కలు మళ్ళీ సరిచూసినప్పుడు, ఎవరు ఎలా పనిచేస్తారో ముందే అంచనా వేసే పద్ధతుల్లో ఇలాంటి ఇంటర్వ్యూలే మొదటి స్థానంలో నిలిచాయి.

ఎంపిక కానివాళ్ళకు ఆ మాట త్వరగా చెప్పేయండి, ఎదురుచూపుల టెన్షన్ చాలా కష్టం. మార్కుల కాగితాలు మాత్రం దాచండి. చేరినవాళ్ళ పనిని ఆరు నెలల తర్వాత వాటితో పోల్చి చూసి, పనితో పొంతన కుదరని ప్రశ్నలుంటే మార్చేయండి.