బ్రౌజర్‌కు పరికరం అందనప్పుడు: అడ్డు ఎక్కడుందో గుర్తించడం, తొలగించడం

మైక్రోకంట్రోలర్ బోర్డులోకి ప్రోగ్రామ్ ఎక్కించడం, కీబోర్డు మీటల అమరికను మార్చుకోవడం, గుండె వేగాన్ని కొలిచే పట్టీ నుంచి అంకెలు చదవడం వంటి పనులు ఇప్పుడు వేరే సాఫ్ట్‌వేర్ ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా వెబ్ పేజీ నుంచే సాధ్యమవుతున్నాయి. క్రోమ్‌లో 2017లో వెబ్ బ్లూటూత్, వెబ్‌యూఎస్‌బీ, 2021లో వెబ్ సీరియల్, వెబ్‌హెచ్‌ఐడీ (కీబోర్డు, మౌస్ వంటివాటి కోసం) అనే సదుపాయాలు అందుబాటులోకి వచ్చాయి. అయితే పేజీకీ పరికరానికీ నడుమ బ్రౌజర్, ఆపరేటింగ్ సిస్టమ్, డ్రైవర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) వరుసగా కాపలా కాస్తుంటాయి. వీటిలో ఏది ఆపినా వాడుకరికి చాలాసార్లు కనిపించేది ‘కనెక్ట్ కాలేదు’ అన్న ఒక్క మాటే.

అందుచేత రీస్టార్ట్ చేయడానికి పూనుకునే ముందు ఒక విషయం గమనించాలి: కనెక్ట్ బటన్ నొక్కగానే బ్రౌజర్ పరికరాల జాబితాతో ఎంపిక విండో చూపిందా, లేదా? విండో రాకపోతే లోపాన్ని పేజీలోనో బ్రౌజర్‌లోనో వెతకాలి. వచ్చి ఖాళీగా ఉంటే కేబుల్‌నూ, పేజీ పెట్టిన వడపోతనూ అనుమానించాలి. పరికరాన్ని ఎంచుకున్న తరువాత విఫలమైతే చిక్కు సాధారణంగా ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర ఉంటుంది.

లక్షణం: ఎంపిక విండో రావడం లేదు

మొదటి కారణం బ్రౌజరే. సఫారీలో ఈ నాలుగు సదుపాయాల్లో ఏదీ లేదు. ఫైర్‌ఫాక్స్‌లో వెబ్‌యూఎస్‌బీ, వెబ్‌హెచ్‌ఐడీ, వెబ్ బ్లూటూత్ లేవు. భద్రత, గోప్యతల విషయంలో ఆ సంస్థలకు ఉన్న అభ్యంతరాలే దీనికి మూలం కనుక సెట్టింగులు వెతికి ప్రయోజనం లేదు. కంప్యూటర్‌లో క్రోమ్ లేదా ఎడ్జ్ వాడడమే మార్గం.

బ్రౌజర్ సరైనదే అయితే చిరునామా చూడాలి. హెచ్‌టీటీపీఎస్ ఉన్న పేజీలకే ఈ సదుపాయం అందుతుంది, లోకల్‌హోస్ట్‌కు (అదే కంప్యూటర్‌లో నడిచే పేజీకి) మాత్రం మినహాయింపు ఉంది. తన కంప్యూటర్‌లో చక్కగా పనిచేసిన పేజీని అదే నెట్‌వర్క్‌లోని మరో యంత్రం నుంచి ఐపీ చిరునామాతో తెరిస్తే మొరాయించడానికి కారణం ఇదే. పేజీని రాసినవారు చూసుకోవలసినవి మరో రెండున్నాయి. పరికరాన్ని కోరే పిలుపు వాడుకరి నొక్కిన వెంటనే వెళ్లాలి. ముందు సర్వర్ నుంచి ఏదో తెచ్చుకొని, ఆ ఆలస్యం తరువాత అడిగితే నొక్కినందువల్ల దక్కిన అనుమతి గడువు తీరిపోతుంది. పేజీ ఐఫ్రేమ్‌లో (మరో పేజీ లోపల పొదిగిన చట్రంలో) ఉంటే, బయటి పేజీ ఆ ఫ్రేమ్‌కు యూఎస్‌బీ లేదా సీరియల్ వాడే అనుమతిని స్పష్టంగా ఇచ్చి ఉండాలి.

లక్షణం: విండో వచ్చింది, జాబితా ఖాళీగా ఉంది

ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్‌లో డేటా తీగలు ఉండవు. బోర్డు మీద దీపం వెలుగుతూనే ఉంటుంది కాబట్టి కేబుల్ మీద ఎవరికీ అనుమానం రాదు. నా ఉద్దేశంలో ముందుగా మార్చి చూడవలసింది దీనినే. తరువాత చూడవలసింది వడపోత. పేజీ ఫలానా తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్య ఉన్న పరికరాలనే చూపమని అడుగుతుంది. చాలా బోర్డులు బూట్‌లోడర్ స్థితిలోకి (కొత్త ప్రోగ్రామ్ ఎక్కించుకునే స్థితిలోకి) వెళ్లగానే వేరే ఉత్పత్తి సంఖ్యతో కనిపిస్తాయి కనుక ఆ రెండో సంఖ్యను కూడా వడపోతలో చేర్చాలి.

బ్లూటూత్ పరికరమైతే అది అప్పటికే ఫోన్‌తో జతపడి ఉండవచ్చు. అలాంటప్పుడు చాలా పరికరాలు తమ ఉనికిని ప్రకటించడం ఆపేస్తాయి. అక్కడ తెంచి ఇక్కడ ప్రయత్నించాలి. తక్కువ విద్యుత్తుతో నడిచే బ్లూటూత్ రకానికే వెబ్ బ్లూటూత్ వర్తిస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

లక్షణం: పరికరాన్ని ఎంచుకున్నాను, తెరుచుకోవడం లేదు

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. సీరియల్ పోర్టును సాధారణంగా ఒక సమయంలో ఒకే ప్రోగ్రామ్ వాడగలదు. వెనుక ఎక్కడో తెరిచి ఉన్న సీరియల్ మానిటర్‌నో (పోర్టులో వచ్చే డేటాను చూపే ప్రోగ్రామ్), అదే పేజీ ఉన్న మరో ట్యాబ్‌నో మూసివేస్తే సమస్య తీరుతుంది. లినక్స్‌లో వాడుకరి డయలౌట్ గుంపులో (సీరియల్ పోర్టులు వాడే అనుమతి ఉన్నవారి గుంపులో) లేకపోయినా పోర్టు తెరుచుకోదు. గుంపులో చేర్చిన తరువాత లాగౌట్ అయి తిరిగి లాగిన్ కావాలి. ఈ చివరి మెట్టు మరచిపోయి మార్పు పనిచేయలేదనుకునేవారు చాలామంది. కొన్ని పంపిణీలలో ఆ గుంపు పేరు వేరుగా ఉంటుంది. వెబ్‌యూఎస్‌బీ పరికరానికైతే ఆ తయారీదారు సంఖ్యతో యూడెవ్ నియమం (పరికరాన్ని ఎవరు వాడవచ్చో లినక్స్‌కు చెప్పేది) రాసి, పరికరాన్ని తీసి మళ్లీ పెట్టాలి.

విండోస్‌లో వెబ్‌యూఎస్‌బీ పనిచేయాలంటే పరికరానికి విన్‌యూఎస్‌బీ డ్రైవర్ ఉండాలి. జాడిగ్ అనే పనిముట్టుతో దానిని అమర్చవచ్చు. అయితే జాబితాలో పొరపాటున కీబోర్డునో మౌస్‌నో ఎంచుకుంటే అది పనిచేయడం మానేస్తుంది. సరైన పరికరాన్నే ఎంచుకున్నా, పాత డ్రైవర్‌పై ఆధారపడిన తయారీదారు సాఫ్ట్‌వేర్ ఆగిపోవచ్చు. పరికరాన్ని తయారు చేసేవారే ఫర్మ్‌వేర్‌లో (పరికరంలోనే ఉండే ప్రోగ్రామ్‌లో) మైక్రోసాఫ్ట్ ఓఎస్ వివరణలను చేరిస్తే విండోస్ ఆ డ్రైవర్‌ను తనంతట తానే ఎక్కిస్తుంది. ఇదే శాశ్వత పరిష్కారం.

అన్నీ సరిగా ఉన్నా తెరుచుకోకపోతే బ్రౌజర్ కావాలనే అడ్డుకుంటూ ఉండవచ్చు. కీబోర్డు, నిల్వ, ఆడియో, వీడియో తరగతుల ఇంటర్‌ఫేస్‌లను వెబ్‌యూఎస్‌బీ ద్వారా సాధారణ పేజీలకు ఇవ్వరు. ఖాతాల లాగిన్‌కు భద్రతా తాళాలుగా వాడే యూఎస్‌బీ కీలకూ నిషేధ జాబితా ఉంది; కొన్ని కీల రక్షణను వెబ్‌యూఎస్‌బీ ద్వారా దాటవచ్చని 2018లో పరిశోధకులు చూపించారు. దీనికి దొడ్డిదారి వెతకరాదు.

లక్షణం: కనెక్ట్ అయింది, వచ్చేదంతా చెత్త అక్షరాలే

బాడ్ రేటు, అంటే సీరియల్ డేటా వెళ్లే వేగం, కుదరలేదు. పరికరం 115200 వేగంతో పంపుతుంటే పేజీ 9600తో చదువుతున్నట్టుంది. రెండూ ఒకటి చేయాలి.

లక్షణం: తీసి పెట్టిన ప్రతిసారీ మళ్లీ అనుమతి అడుగుతోంది

యూఎస్‌బీ పరికరానికి సీరియల్ నంబర్ లేకపోతే, తిరిగి తగిలించినది పాత పరికరమేనని క్రోమ్ గుర్తించలేదు. అందువల్ల పరికరాన్ని తీయగానే ఇచ్చిన అనుమతి రద్దవుతుంది. ఫర్మ్‌వేర్ మన చేతిలో ఉంటే ఒక్కో పరికరానికి ఒక్కో సీరియల్ నంబర్ పెట్టాలి. లేకపోతే ప్రతిసారీ ఎంపిక విండోలో ఎంచుకోక తప్పదు.