కృష్ణా నీళ్ల పంపకం నేర్చుకుందాం – 4వ పాఠం: 75 శాతం లెక్క

పోయిన పాఠంలో టీఎంసీ (వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు), క్యూసెక్కు (సెకనుకి ఒక ఘనపుటడుగు) చూశాం కదా, రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ, ఇవాళ్టికి అది గుర్తుంటే చాలు. ఏ ఏడు ఎన్ని నీళ్లొస్తాయో ఎవరికీ తెలీదు, అయినా నీకింత నాకింత అని ముందే రాసిచ్చేస్తారు, మరి ఆ అంకె ఎక్కణ్ణుంచి పుడుతుందో ఇవాళ మన చేత్తోనే వేసి చూద్దాం.

రాష్ట్రాల మధ్య కృష్ణా నీళ్ల తగువు తేల్చడానికి వేసిన బచావత్ ట్రిబ్యునల్ కృష్ణాలో 2060 టీఎంసీలు అని తేల్చి, మహారాష్ట్రకి 560, కర్ణాటకకి 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి 800 ఇచ్చింది (రిటర్న్ ఫ్లోలు, అంటే పొలాలకి వాడాక మళ్లీ నదిలో చేరే నీళ్లు కలిపితే మనకి 811). 2060 అంటే సగటు అనుకుంటారు చాలామంది, అక్కడే పప్పులో కాలేస్తారు. 1894-95 నుంచి 1971-72 దాకా 78 ఏళ్ల ప్రవాహాలు తీసుకుని, నాలుగేళ్లలో మూడేళ్లయినా ఇంతకి తగ్గకుండా వస్తాయి అని చూసి పెట్టిన అంకె అది.

ఎక్సెల్ తెరవండి, కాగితమైనా పర్లేదు. ఊహకి ఒక చిన్న నది, 11 ఏళ్లలో వచ్చిన నీళ్లు టీఎంసీల్లో ఇవి: 142, 95, 188, 121, 76, 160, 110, 133, 68, 151, 104. పెద్దదాన్నుంచి చిన్నదాకా పేర్చండి. 188, 160, 151, 142, 133, 121, 110, 104, 95, 76, 68. ఇప్పుడు ఏళ్ల సంఖ్యకి ఒకటి కలిపితే 12, అందులో 75 శాతం 9, అంటే తొమ్మిదో స్థానంలో ఉన్న 95 మన 75 శాతం డిపెండబిలిటీ, నాలుగేళ్లలో మూడేళ్లు నమ్ముకోదగ్గ నీళ్లు అన్నమాట. 65 శాతానికి వేస్తే 7.8 వస్తుంది, ఎనిమిదో స్థానం అనుకుందాం, 104. సగటేమో 122కి పైనే. చూశారా, నది అదే, నీళ్లూ అవే, ఏ గీత దగ్గర కోస్తామన్నదే తేడా.

బచావత్ తర్వాత వచ్చిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 2010లో చేసింది ఇదే పని. 1961-62 నుంచి 2007-08 దాకా 47 ఏళ్లు తీసుకుని 65 శాతం దగ్గర 2293, సగటు 2578 అని చెప్పి, ఆ సగటు దాకా ఉన్న నీళ్లు కూడా పంచేసింది. అంటే లెక్కకి తీసుకున్న ఏళ్ల బ్యాచ్ మారింది, గీత కూడా మారింది. నన్నడిగితే గొడవంతా ఈ రెండు ఎంపికల్లోనే ఉంది, మిగతాది కూడికలు తీసివేతలు.

ఇక వాతావరణం మార్పు సంగతి. మన లిస్టులో మామూలు ఏళ్లు రెండు, 121, 110 తీసేసి వాటి బదులు ఒక పెద్ద వరద ఏడు 230, ఒక ఘోరమైన కరువు ఏడు 45 పెట్టి మళ్లీ పేర్చండి. సగటు 126 దాటింది, అంటే పెరిగింది. తొమ్మిదో స్థానం చూడండి, 76! సగటు పెరిగింది కానీ రైతుకి మాటివ్వగలిగే నీళ్లు 95 నుంచి 76కి పడిపోయాయి. వానలు మొత్తం మీద బానే పడుతున్నాయిగా ఇంకేంటి సమస్య అని ఎవరైనా అంటే ఈ రెండు లిస్టులూ పక్కపక్కన పెట్టి చూపించండి.

ఇంకో చిక్కేంటంటే ఏడాది మొత్తం అంకెలో నీళ్లు ఎప్పుడొచ్చాయో కనపడదు. 2009 తీసుకోండి, వానాకాలమంతా దేశమంతటా కరువు, తీరా అక్టోబర్ మొదట్లో కర్నూలు మునిగింది, శ్రీశైలానికి వచ్చిన వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది, డ్యామ్ డిజైన్ చేసింది 19 లక్షలకి. 25 లక్షల్ని 11,574తో భాగించండి, రోజుకి 216 టీఎంసీలు. పూడిక పోగా శ్రీశైలం ఇప్పుడు పట్టేదే దాదాపు 215. ఆ స్పీడులో వచ్చినవి కూడా లెక్కలో "వచ్చిన నీళ్లే", పొలానికి ఎన్ని అందుతాయో మీరే ఆలోచించండి.

సరే, పంపకం. మన నదిలో 95 ఎగువకి 50, నడుమకి 30, దిగువకి 15 అని రాసుకున్నారు. 68 వచ్చిన ఏడు ఏం చేస్తారు? కాగితం మీద ఏమున్నా పైవాళ్ల డ్యామే ముందు నిండుతుంది కాబట్టి ఎగువ 50 తీసేసుకుంటే నడుమకి 18, దిగువకి సున్నా. అలా కాకుండా దిగువ వాళ్ల తాగునీరు 5 పక్కన పెట్టి, మిగిలిన 63ని మిగిలిన వాటాల (90) నిష్పత్తిలో కోస్తే అందరికీ 70 శాతం, అంటే 35, 21, దిగువకి 7కి తాగునీరు 5 కలిపి 12. ఎగువకి 15 తగ్గాయి. ఒక టీఎంసీ అంటే దాదాపు 7,000 ఎకరాల్లో మీటరు లోతు నీళ్లు, కాబట్టి లక్ష ఎకరాల మాట, వరికి కాలవ నష్టాలతో కలిపి మీటరు చాలదు కాబట్టి ఎకరాలు ఇంకాస్త తగ్గుతాయి. ఎగువ వాళ్లు ఎందుకు ఒప్పుకోరో ఇక్కడే అర్థమవుతుంది.

రాష్ట్రం విడిపోయాక 2015లో ఆ 811ని తాత్కాలికంగా ఆంధ్రప్రదేశ్‌కి 512, తెలంగాణకి 299 అనుకున్నారు, తర్వాత కృష్ణా నదీ యాజమాన్య బోర్డులో 66:34 అంటూ సర్దుకొచ్చారు. అంకెలో రాసుకుంటే తక్కువ నీళ్ల ఏడు కొట్లాట, శాతంలో రాసుకుంటే కనీసం కోత ఎలా వేయాలో తెలుస్తుంది, నాకైతే శాతమే నయం.

హోంవర్క్: 45 వచ్చిన ఏడాదికి ఇదే కోత వేసి ఒక్కొక్కరికి ఎంతొచ్చిందో చూడండి, తర్వాత 76నే కొత్త హామీగా పెట్టుకుని 50, 30, 15 వాటాలు మళ్లీ రాయండి. ఆ పంపకం దగ్గర పెట్టుకోండి, వచ్చే పాఠంలో ఈ ఏటి నీళ్లు వచ్చే ఏడాదికి డ్యామ్‌లో దాచే క్యారీ ఓవర్ లెక్కకి అదే వాడతాం.