తాతగారి రైఫిల్‌కి కొత్త స్కోప్: 3వ పాఠం

గత రెండు పాఠాల్లో ఇంట్లో వాళ్ళ నుంచి మన చేతికి వచ్చిన పాత మార్లిన్ 336ను (లివర్ ఆడించి తూటా ఎక్కించే వేట రైఫిల్) గుర్తుపట్టడం, గొట్టం లోపల శుభ్రం చేయడం నేర్చుకున్నాం. ఇవాళ దానికి స్కోప్ (దుర్బిణి లాంటి గురి పరికరం) ఎక్కిద్దాం. ఇక్కడ పెన్సిల్వేనియాలో జింకల సీజన్ నవంబర్ చివర్లో మొదలవుతుంది. ఇప్పుడే కూర్చుంటే ఆఖరి వారంలో టెన్షన్ ఉండదు.

ముందుగా లివర్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే పిడి) పూర్తిగా తెరిచి ఛాంబర్, అంటే తూటా కూర్చునే చోటు, చూడండి. చూస్తే సరిపోదు, చిటికెన వేలు పెట్టి తడమండి. గొట్టం కింద ఉండే మ్యాగజైన్‌లో తూటా ఇరుక్కుని ఉండొచ్చు. అందుకని లివర్ నాలుగైదుసార్లు ఆడించి మళ్ళీ చూడండి. పని జరిగే గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు.

1948లో వచ్చిన ఈ మోడల్‌లో కాల్చాక మిగిలే ఖాళీ తూటా పక్క నుంచి బయటపడుతుంది కాబట్టి పైభాగం స్కోప్‌కి ఖాళీగా దొరుకుతుంది. పాత వించెస్టర్ 94లో అది పైకే ఎగురుతుంది, కాబట్టి నడినెత్తిన స్కోప్ కుదరదు. మీ మార్లిన్ పైభాగంలో రంధ్రాలను మూసిన చిన్న స్క్రూలు కనిపిస్తే బేస్ (స్కోప్‌కి ఆధారంగా ఉండే పట్టీ) అక్కడే కూర్చుంటుంది. కనిపించకపోతే ఆగిపోండి. పాత రైఫిల్‌కి కొత్తగా రంధ్రాలు వేయించడం నాకు ఇష్టం లేదు. వేసిన రంధ్రం మళ్ళీ పూడదు, సేకరించేవాళ్ళ దృష్టిలో విలువా పడిపోతుంది. దాన్ని ఇనుప సైట్లతోనే (రైఫిల్‌కి ముందే ఉండే మామూలు గురి గుర్తులు) వాడుకోండి.

ఆ చిన్న స్క్రూలు ఏళ్ళ తరబడి ఎండిన నూనెతో బిగుసుకుపోయి ఉంటాయి. తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. గాడిలో సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్ వాడండి, ఇంట్లో మామూలుగా వాడేదైతే గాడి చెడిపోతుంది. రంధ్రాల్లో జిడ్డు తుడిచాక బేస్ పెట్టి, నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) కొద్దిగా రాసి బిగించండి. వెంటనే లివర్ ఆడించి చూడండి. ఎక్కడైనా రాసుకుంటుంటే స్క్రూ పొడవు ఎక్కువైందని అర్థం.

స్కోప్‌ను బేస్‌కి పట్టి ఉంచే రింగులు తక్కువ ఎత్తువే తీసుకోండి. రైఫిల్ వెనుక, భుజానికి ఆనించే ఈ కర్రను ఇనుప సైట్లకు తగ్గట్టు చేశారు. స్కోప్ ఎత్తుగా కూర్చుంటే చెంప కర్రకు ఆనదు, తల గాల్లో ఉండిపోతుంది. .30-30 తూటాకి 2–7 రెట్ల చిన్న స్కోప్ చాలు. రింగుల పై సగాలు వదులుగా పెట్టి, వేటకి వేసుకునే మందపాటి కోటు తొడుక్కోండి. కళ్ళు మూసుకుని రైఫిల్ భుజానికి ఆనించి, అప్పుడు కళ్ళు తెరవండి. ఎక్కువ జూమ్‌లో బొమ్మ అంచుల దాకా నిండుగా కనిపించేవరకు స్కోప్‌ను ముందుకో వెనక్కో జరపండి. టీషర్టు మీద కొలిచారంటే చలిలో అది తప్పుతుంది.

స్కోప్ లోపల కనిపించే గురి గీత నిలువుగా ఉందో లేదో చూసుకుని, స్క్రూలను ఒకదాని తర్వాత ఒకటి ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. చాలా రింగులకు 15–18 అంగుళం-పౌండ్లు చాలు. మీ రింగుల పెట్టె మీద వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. నేను మొదటిసారి ఒకవైపే పూర్తిగా బిగించేశాను. స్కోప్ గొట్టం మీద పడిన ఆ నొక్కు ఇప్పటికీ ఉంది.

ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. స్కోప్ వెనుక భాగం హ్యామర్ (ట్రిగ్గర్ నొక్కితే పడి తూటాను పేల్చే సుత్తి లాంటి భాగం) మీదకి వస్తుంది, బొటనవేలికి చోటు ఉండదు. పాత 336లకు విడిగా సేఫ్టీ బటన్ లేదు, హాఫ్-కాక్ (హ్యామర్‌ను సగం వెనక్కి లాగి ఆపే స్థితి) ఒక్కటే ఆధారం. చలికి మొద్దుబారిన వేలు జారితే రైఫిల్ పేలుతుంది. హ్యామర్‌కి పక్కకి పొడుచుకొచ్చే చిన్న కొమ్ము దొరుకుతుంది, ఖరీదు పెద్దగా ఉండదు. తప్పకుండా పెట్టించండి. పెట్టాక, ఖాళీ రైఫిల్‌తో, గొట్టం నేల వైపు ఉంచి, చేతికి తొడుగు వేసుకుని హ్యామర్‌ను నెమ్మదిగా దించడం యాభైసార్లు సాధన చేయండి.

4వ పాఠంలో బోల్ట్ (ఛాంబర్‌ను వెనుక నుంచి మూసే భాగం) తీసి గొట్టం లోంచే గురి చూసి, రేంజ్‌లో 25 గజాల దగ్గర మొదటి గుండు కాలుస్తాం. అప్పటిదాకా ఇందులో తూటా పెట్టకండి.