భువనగిరి బండ మీద రెండు రోజులు

కొండెక్కడం కొత్తైన స్నేహితులను నేను ముందు భువనగిరికే తీసుకెళ్తాను. హైదరాబాద్‌కు దాదాపు 50 కిలోమీటర్లు. ఊరి పక్కనే నున్నగా లేచిన ఒకే బండ, దాని నెత్తిన కోట. మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్ట్ ఎక్కకముందు మొదట సాధన చేసింది ఈ బండ మీదే.

చలికాలంలోనే రండి, ఎండాకాలం ఆ రాయి మీద చెయ్యి ఆనదు. శనివారం మెట్లదారిలో కోట పైకి వెళ్లి రండి. అందరికంటే మెల్లగా నడిచేవాళ్లను ముందు పెట్టండి. తలా మూడు లీటర్ల నీళ్లు, వేరుశనగ ఉండలు చాలు.

ఆదివారం బండ పాకడం. దీనికి శిక్షకుడు, తాడు, హెల్మెట్ ఉండాల్సిందే. వాలు బండ మీద భయంతో ఒళ్లంతా రాయికి అతుక్కుపోతాం. అలా చేస్తే కాలు జారుతుంది. నడుము రాయికి ఎడంగా పెట్టి, మడమ కాస్త దించి, బరువంతా పాదం మీద వెయ్యండి. రెండు చేతులు, రెండు కాళ్లలో ఎప్పుడూ మూడు ఆని ఉండాలి, నాలుగోదే కదలాలి. నీళ్లు జారిన నల్లటి చారల జోలికి పోవద్దు. ఎండినట్టే కనిపిస్తాయి గానీ సన్నటి పాచి ఉంటుంది. మా బావమరిది మోచెయ్యి కొట్టుకుపోయింది అక్కడే.

దిగడమే కష్టం. నిటారుగా ఉన్నచోట రాయివైపు తిరిగి దిగండి. కింద ఎవరూ నిలబడకుండా చూసుకోండి. ఏ ఒక్కరు ‘ఇక చాలు’ అన్నా సరే, అందరూ ఆగిపోండి.