నెల్లూర్లో ఉండి సెకండ్ హ్యాండ్ తెరచాప పడవ కొనడం ఎట్టా

పడవ కొంటానంటే మా ఇంట్లో వాళ్ళు నవ్వారు, కారుకే పార్కింగ్ లేదు నీకు పడవ ఒకటా అని. అయినా తెరచాప మనకి కొత్తేం కాదు గదా, బకింగ్‌హాం కాలవలో పడవలు తెరచాప ఎత్తుకుని మద్రాసు దాకా పోయేవని మా తాత చెప్పేవాడు. సరే, ఇక్కడ చెప్పేది చేపల పడవ గురించి కాదు, ఒక మనిషి సరదాగా నడుపుకునే చిన్న పడవ గురించి, నేను ఒకటి కొని మూడేళ్ళయింది, దాంట్లో తెలిసొచ్చింది చెప్తా.

ముందు నేర్చుకోండి, తర్వాత కొనండి. చెన్నై హార్బర్లో రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఉంది, 1911 నాటిది, అటు హైదరాబాద్ హుస్సేన్ సాగర్లోనూ నేర్పుతారు. పాత పడవలు అమ్మేవాళ్ళ సంగతి తెలిసేది కూడా అట్టాంటి చోటే, ఓఎల్ఎక్స్‌లో కూర్చుని వెతికితే దొరికేది తక్కువ.

ఏ పడవ అంటే, నా మాట వింటే లేజర్ అనే ఒంటి మనిషి రకం. ఇప్పుడు దాని పేరు ఐఎల్‌సీఏ అని మార్చారు గానీ జనం లేజర్ అనే అంటారు, చెన్నై అమ్మాయి నేత్రా కుమనన్ ఒలింపిక్స్‌కి పోయింది ఈ రకం పడవ మీదే. పొడవు 4.2 మీటర్లు, ఒట్టి పడవ బరువు 59 కిలోల దగ్గర, ఇద్దరు పట్టుకుంటే ఇసకలో లాగేయొచ్చు. ఇంకో సుఖం ఏందంటే పడవ ఒకటే, తెరచాపలు మూడు సైజులు, 4.7, 5.7, 7 చదరపు మీటర్లు సుమారుగా, తెరచాపని నిలబెట్టే కొయ్య (మాస్ట్) కింది ముక్క మార్చి ఏదైనా తగిలించుకోవచ్చు. నేను 68 కిలోలు, నాకు మధ్యది సరిపోయింది, 80 దాటినోళ్ళకి పెద్దది. క్యాబిన్ ఉండే పెద్ద పడవ చవగ్గా వస్తుందని ఎవరైనా చెప్తే ఒకటే అడగండి, తెచ్చి యాడ కట్టేది? మన తీరంలో మెరీనాలు లేవు, కృష్ణపట్నం ఓడల రేవు, మిగతా చోట్ల చేపల పడవలకే చోటు చాలదు.

ఇంక అసలు సంగతి, పడవ చూడటం. చూడటం అంటా ఉండా గానీ ఫైబర్ పడవని చూస్తే ఏం తెలీదు, వినాలి, తూకం వేయాలి. నేను మొదట చూసింది కొత్త పెయింట్ కొట్టి తళతళా మెరిసిపోతా ఉంటే అడ్వాన్స్ ఇచ్చేద్దామనుకున్నా, అదృష్టం కొద్దీ మైపాడు దగ్గర చేపలోళ్ళ పాలెం నుంచి ఒక మామని వెంట తీసుకుపోయినా, ఫైబర్ పడవలకి రిపేర్లు చేసేవాడు. మన పాలేల్లో 2004 సునామీ తర్వాత ఫైబర్ పడవలు ఎక్కువయినాయి, కాబట్టి ఫైబర్ పనికి వాడే రెజిన్, మ్యాట్, హార్డెనర్ గురించి తెలిసినోళ్ళు మనకి కొదవ లేదు, యాట్ క్లబ్బోళ్ళకన్నా వీళ్ళనే నమ్ముతా నేను. మామ పెయింట్ జోలికే పోలా, రూపాయి బిళ్ళ తీసి ముందు నుంచి వెనక దాకా టక్ టక్ మని కొట్టుకుంటా పోయినాడు, గట్టి చోట ఖణేల్ మంటది, పొర విడిపోయిన చోట మొద్దుగా మోగుతుంది. రెండు చోట్ల ఆగి "అబ్బయా ఇది నీళ్ళు తాగి ఉండాది, లేసి పోదాం పా" అన్నాడు. వచ్చేసినాం.

మామ చెయ్యని ఒక పరీక్ష లేజర్‌కి ఉంది. పైన కొయ్య దించే బొక్క ఉంటుంది గదా, దాని నిండా నీళ్ళు పోసి గీత పెట్టి అరగంట ఆగండి, మట్టం తగ్గిందంటే అడుగున పగులుంది, వదిలేయండి. గాలి లాగినప్పుడు బరువంతా పడేది అక్కడే, నీళ్ళలో ఉండగా ఆ చోటు విరిగితే కొయ్య డెక్‌ని (పడవ పైభాగాన్ని) చీల్చుకుని పడిపోతుంది. బొక్క చుట్టూ డెక్‌ని బొటనవేలితో నొక్కండి, మెత్తగా దిగితే లోపల ఫోమ్ పాడయినట్టు. తర్వాత తూకం, ఇంట్లో బరువు చూసుకునే మెషీన్లు రెండు పట్టుకుపోయి ముందొకటి వెనకొకటి పెట్టి పడవ ఎక్కించండి, రెండూ కలిపితే 60 చిల్లర అంటే ఓకే, 70 దాటితే లోపల నీళ్ళుండాయి. అమ్మేవాడు ఎగాదిగా చూస్తాడు, చూడనీండి. జెల్ కోట్ (ఫైబర్ మీద ఉండే నున్నటి పైపూత) మీద సాలెగూడు లాంటి సన్న గీతలకి మాత్రం భయపడబాకండి, పైపైవే ఎక్కువ, వేలి గోరు దిగేంత పగులైతేనే ఆలోచించాలి.

కొయ్య అంటామే గానీ అది అల్యూమినియంది, రెండు ముక్కలు. పై ముక్కని చదును నేల మీద దొర్లిస్తే వంకర ఉంటే ఎగిరెగిరి పడుతుంది. రివెట్ల చుట్టూ తెల్లపొడి ఉంటే ఉప్పు తినేసినట్టే, కొత్త ముక్కకి డబ్బులు బేరంలో తగ్గించమనండి. తెరచాప గుడ్డ నలిపితే కొత్త నోటు మాదిరి గరగర లాడాలి, ఇస్త్రీ లేని లుంగీ మాదిరి మెత్తగా ఉంటే దాని పని అయిపోయింది, నేర్చుకునేదానికి ఒక సీజన్ వాడి పారేయొచ్చు. చుక్కాని కొక్కేలు లొడలొడ లాడకుండా చూసుకోండి. తాళ్ళు ఎట్టాగూ మార్చాల్సిందే, వాటి గురించి బేరం దండగ.

డబ్బులిచ్చేటప్పుడు పడవ నంబర్ రాసి సంతకం పెట్టిన కాయితం తీసుకోండి, రేపు మెరైన్ పోలీసులు ఎవరిదిరా ఇది అంటే చూపించాలి గదా. తెచ్చేదానికి బొలేరో పికప్ చాలు, వెనక ఐదడుగులు బైటికొస్తుంది, ఎర్రగుడ్డ కట్టి కింద పాత పరుపు వేసి తెచ్చేశా నేను, సూళ్ళూరుపేట టోల్ దగ్గర అందరూ దిగి ఫోటోలు తీసుకున్నారు.

నడిపేది యాడ అంటే మొదట సముద్రంలోకి మాత్రం పోబాకండి, ఒడ్డున అలలు దాటించడం పాలెం వాళ్ళ విద్య, మనది కాదు. ఏటి మొగల్లో, ఉప్పుటేర్లలో పోటు ఎక్కేటప్పుడు నేర్చుకోండి, పాటులో పోతే నీళ్ళే సముద్రంలోకి లాక్కుపోతాయి. సోమశిల, కండలేరు మీద ఆశ ఉంటే ఇరిగేషన్ వాళ్ళ పర్మిషన్ లేకుండా దించొద్దు, శ్రీహరికోట వైపు అసలే వద్దు. ఎండాకాలం మధ్యానం పూట సముద్రం గాలి బాగుంటుంది, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాన్ల కాలం, పడవని ఇంట్లో కట్టేసి ఉంచండి. లైఫ్ జాకెట్ పాతది తీసుకోబాకండి, అదొక్కటి కొత్తది కొనండి.

ఆఁ, ఇంకోటి, పడవ వెనక బిరడా ఒకటి ఉంటుంది, లోపల నీళ్ళు వంచేదానికి, ఒడ్డున తీసిపెట్టి నీళ్ళలో దించే ముందు బిగించాలి. రెండు కొని ఒకటి చుక్కానికి దారంతో కట్టుకోండి. మొదటి రోజు నేను దాన్ని బండి డ్యాష్‌బోర్డ్ మీద వదిలేసి పోయినా.